మింగేసిన చిన్న మాటలు

ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు ఈమధ్య నన్ను పిలిచారు. కింద పార్కింగ్‌లో కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, నాకో శాలువా కూడా కప్పారు. రిటైరైన మనిషి కదా, ఏదో ధైర్యం చెబుతుందని వాళ్ల ఆశ. మైకు ముందు నిలబడ్డాక నా నోటికి ఒక్క ధైర్యపు మాట రాలేదు. వేళకు తినండి, కళ్లు జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి కూర్చున్నాను. వాళ్లు పాపం మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఇందులోనూ ధైర్యం దొరకదు, ముందే చెబుతున్నాను, కావలసినవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

నేను ఇంగ్లీషు నేర్పేదాన్ని. కాలేజీలో కాదు, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో. గుంటూరు వైపు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, మావారి బదిలీతో ఇక్కడికొచ్చి, ట్రైనర్ అనే కొత్త పేరుతో మెళ్లో ఐడీ కార్డు వేసుకున్నాను. విదేశీ బీమా సంస్థ ఒకదానికి క్లెయిములు చూసిపెట్టడం మా కంపెనీ పని. ఫలానా మనిషికి డబ్బు ఎందుకు ఆలస్యమైంది, ఫలానా దరఖాస్తు ఎందుకు తిరస్కరించారు అనేది మావాళ్లు చూసి, ఆ దేశపు ఆఫీసు వాళ్లకు ఫోన్లో చెప్పాలి, మెయిల్లో రాయాలి. ఆ చెప్పేది, రాసేది సరిచేయడానికి నేనుండేదాన్ని.

పెద్ద మాటలు మనవాళ్లకు బ్రహ్మాండంగా వస్తాయి. నోరు తిరగని వైద్యపు పేర్లు కూడా గడగడా చదివేస్తారు. కాలు జారేదల్లా చిన్న మాటల దగ్గరే. ఇన్, ఆన్, ఎట్, ఫర్, టు, ఆఫ్. మనం 'ఆలస్యానికి కారణం' అంటాం. ఆ 'కి' అనేది మాట ఒళ్లో కూర్చునే ఉంటుంది, దాన్ని విడిగా వెతుక్కునే పని లేదు. ఇంగ్లీషులో అది పక్కన వేరే నిలబడుతుంది, పైగా ఏ నామవాచకం పక్కన ఏది నిలబడాలో దాని ఇష్టం. రీజన్ పక్కన ఫర్. ఇంపాక్ట్ పక్కన ఆన్. యాక్సెస్ పక్కన టు. డిలే పక్కన ఇన్. ఎందుకండీ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. 'అదంతే' అని చెప్పేదాన్ని. ఏళ్ల తరబడి 'అదంతే' అని చెప్పి జీతం తీసుకున్న మనిషిని నేను.

నాతో పాటు ఇంకో ట్రైనర్ ఉండేవాడు. కడప వైపు మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. వ్యాకరణం నా వంతు, ఉచ్చారణ ఆయన వంతు. మా ఇద్దరికీ ఉమ్మడి శత్రువు ఒకటుండేది. మేం దాన్ని మింగుడు విద్య అనుకునేవాళ్లం.

దాని పుట్టిల్లు నిజాంపేట. అక్కడ హాస్టళ్ల మధ్య, ఒక కర్రీ పాయింటు పైన, ఇంటర్వ్యూలకు తయారుచేసే కోచింగ్ సెంటర్ ఒకటి నడిచేది. అక్కడి సారు చాలా తెలివైనవాడు. ఏ మాట పక్కన ఏది రావాలో నేర్పడానికి ఏళ్లు పడుతుంది, పిల్లల చేతిలో ఉన్నవి వారాలు. అందుకని ఆయన అడ్డదారి కనిపెట్టాడు. పెద్ద మాట గట్టిగా అనండి, చిన్న మాట దగ్గర గొంతు దించి మింగేయండి అని చెప్పేవాడట. 'రీజన్', తర్వాత గొంతులో ఒక చిన్న మూలుగు, ఆ తర్వాత 'డిలే'. వినేవాడు మనిషి కదా, ఆ మూలుగులో తనకు కావలసిన మాట తనే వినేసుకుంటాడు. మా కారిడార్లో ఎంతమంది ఉద్యోగాలు ఆ మూలుగు మీద నిలబడి ఉన్నాయో నాకు బాగా తెలుసు. మధ్యాహ్నం కేఫెటేరియాలో కూర్చుంటే నాలుగు వైపుల నుంచీ అదే వినిపించేది.

ఇక నా క్లాసుకు వచ్చిన ఒకామె సంగతి. నాగర్‌కర్నూల్ వైపు మనిషి, ముప్పై దాటిన వయసు, చందానగర్లో కిరాయి ఇంట్లో ఉండేది. భర్త క్యాబ్ నడిపేవాడు. నడుం పట్టేసి సీట్లో కూర్చోలేని స్థితికి వచ్చాక ఇంట్లోనే ఉండిపోయాడు. ఇల్లు మొత్తం ఆమె జీతం మీద నడిచేది. మా దగ్గర కాంట్రాక్టు మీద, క్లెయిము కాగితాలు సరిచూసే పనిలో చాలాకాలంగా ఉంది. ఆ పనిలో నోరు విప్పే అవసరం లేదు. అలా నెమ్మదిగా గడిచిపోతున్న సమయంలో, ఆ సరిచూసే పనంతా ఇకమీదట సాఫ్ట్‌వేరే చేస్తుందని కంపెనీ ప్రకటించింది. కాంట్రాక్టు వాళ్లు ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసైతే క్లయింటుతో మాట్లాడే సీట్లోకి, పర్మనెంటుగా తీసుకుంటారు. లేకపోతే ఆ నెలాఖరుతో సెలవు. ఒక్కటే అవకాశం.

ఆమె నా క్లాసుకు వచ్చిన మొదటి రోజు చివరి వరుసలో కూర్చుని, అందరూ వెళ్లాక నా దగ్గరకు వచ్చింది.

"మేడం, నాకు పని మంచిగనే వస్తది. గీ చిన్న చిన్న మాటలే పరేషాన్ చేస్తున్నయి. నోట్లకెల్లి బయటికి రావు."

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇంగ్లీషు?"

"నిజాంపేటల మేడం. కాంట్రాక్టు ఇంటర్వ్యూకు పోయేముందు."

ఇంకేం అడగాలి. నాకు తల పట్టుకోవాలనిపించింది.

ముందు మాటల జతలు నేర్పాను. నామవాచకాన్ని ఒంటరిగా తలుచుకోవద్దు, ఎప్పుడూ దాని తోడుతోనే తలుచుకోమన్నాను. రీజన్ అనకు, రీజన్ ఫర్ అను. ఆమె నేర్చుకున్న తీరు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. రొట్టెలు చేస్తూ జతలు వల్లించేదట. ఎదురుగా భర్త పడుకుని, ఆమె రీజన్ అంటే ఫర్ అని అందించేవాడట. "మా ఆయన పాసయితడు మేడం, నేనే ఫెయిలయితనేమో" అని నవ్వేది. కొద్ది వారాల్లో కాగితం మీద తప్పు రాయడం మానేసింది. మెయిళ్లలో నా ఎర్ర గీతలకు పని లేకుండా పోయింది.

నోరు మాత్రం మాట వినలేదు. సరైన మాట తెలుసు, అయినా గొంతు దాని దగ్గరకు రాగానే అలవాటుగా దిగిపోయేది. దీనికి ఉపాయం మా కడప సారు చెప్పాడు.

"అక్కా, ఆ చిన్న మాట వచ్చినప్పుడు వేలితో బల్ల మీద కొట్టమను. ఏలు కొడితే నోరు తెరుచుకుంటాది. మా అబ్బ నాకు ఎక్కాలు అట్లనే చెప్పినాడు."

నిజంగానే తెరుచుకుంది. రీజన్, టక్, ఫర్, డిలే. ఇంపాక్ట్, టక్, ఆన్. టిఫిన్ డబ్బా మూత మీద వేలితో కొట్టుకుంటూ కేఫెటేరియాలో నాతో మాట్లాడేది. పక్క టేబుళ్ల వాళ్లు వింతగా చూస్తే పట్టించుకునేది కాదు. గొంతు నిండుగా, చిన్న మాటలన్నీ గింజల్లా విడివిడిగా వినిపిస్తూ మాట్లాడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. పరీక్షకు ముందు మేం పెట్టే మాక్ పరీక్షలో ఆమెకే అందరికంటే ఎక్కువ వచ్చింది. భర్తకు నడుం ఆపరేషన్ చేయించాలని, పర్మనెంటయితే కుటుంబానికి ఇన్సూరెన్స్ వస్తుందని ఆ రోజే నాకు మొదటిసారి చెప్పింది. అంతకుముందు చెబితే నా మీద బరువు పెట్టినట్టవుతుందని చెప్పలేదట.

ఇంతకాలం ఆ పరీక్ష ఎలా ఉండేదో చెప్పాలి. క్లయింటు వైపు నుంచి ఒక పెద్దావిడ ఫోన్లో మాట్లాడి మార్కులు వేసేది. మన మూలుగుల్లో తనకు కావలసినవన్నీ వినేసుకుని 'లవ్లీ' అనేది. ఆ ఏడు ఆవిడ లేదు. పరీక్ష మిషనుకు అప్పగించారు. హెడ్‌సెట్లో ఒక గొంతు ప్రశ్న అడుగుతుంది, మనం చెప్పింది అది విని, అక్షరాల్లోకి మార్చుకుని, మార్కులు వేస్తుంది. మిషను అయితే పక్షపాతం ఉండదని మీటింగులో చెప్పారు. నేనూ తల ఊపాను. ఆమె సిద్ధంగా ఉందని నాకు నమ్మకం, వినేది ఎవరైతేనేం అనుకున్నాను.

పరీక్ష రోజు గాజు గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టారు. బయట సోఫాలో నేనూ కడప సారూ కూర్చున్నాం. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. లోపలికి వెళ్లేముందు నా వైపు చూసి చూపుడు వేలు ఎత్తి చూపించి నవ్వింది. పరీక్ష నడిపించే ఆవిడ హెడ్‌సెట్ పెట్టి, ఏదో చెప్పి, బయటికి వచ్చి తలుపు వేసింది.

గాజులోంచి ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది. చెయ్యి కదలడం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏలు కొట్టడం లేదే" అన్నాడు కడప సారు.

నేను లేచి ఆవిడ దగ్గరకు వెళ్లాను. లోపల ఏం చెప్పారండీ అని అడిగాను.

"అందరికీ చెప్పేదే మేడం. చేతులు కదపొద్దు, బల్ల మీద చప్పుడు చేయొద్దని. మైకు బాగా సెన్సిటివ్, చప్పుడైతే సిస్టమ్ పరీక్ష క్యాన్సిల్ చేసేస్తుంది."

ఆవిడ తప్పేమీ లేదు. తన డ్యూటీ తను చేసింది. నేను గాజు దగ్గర నిలబడి, నా వేలితో నా చేతి మీదే కొట్టి చూపించాను. ఆమె కంప్యూటర్ వైపు చూస్తోంది, నా వైపు చూడలేదు. ఆ తర్వాత నాకు చేయడానికి ఏమీ లేకపోయింది. పరీక్ష అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఫెయిల్. 'వాక్యాల్లో చిన్న మాటలు లేవు' అని దాని తీర్పు. చిన్న మాటలు తప్పు అనలేదు, అసలు లేనే లేవు అంది.

నాకు నమ్మకం కుదరక రికార్డింగు అడిగి తీసుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దం పూర్తిగా పెంచి విన్నాను. అన్నీ ఉన్నాయి. ఊపిరి కింద, దాదాపు గుసగుసగా, ప్రతి చిన్న మాటా ఉంది. ప్రతిదీ సరైనదే. రీజన్ తర్వాత ఫర్ ఉంది, ఇంపాక్ట్ తర్వాత ఆన్ ఉంది. నేను కూడా తడబడే ఒక చోట ఆమె తడబడలేదు. ఒక్కటి కూడా తప్పు ఎంచుకోలేదు. ఎంచుకుని, భయానికి పాత అలవాటు ప్రకారం మింగేసింది. హెడ్‌ఫోన్లు తీసేశాను. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే రికార్డింగు పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాను. ఆయన విశాఖపట్నం మనిషి, మంచివాడే. రెండుసార్లు వెనక్కి తిప్పి మరీ విన్నాడు.

"వినిపిస్తోందండీ మేడం. మీరన్నది కరెక్టే, అన్నీ చెప్పింది."

"మరి?"

"నేను వింటే లాభం ఏముందండీ, అది వినాలి."

"మీరు పైకి రాయండి. మళ్లీ ఒక్కసారి కూర్చోబెట్టమనండి. వేలు కొట్టుకోనివ్వమనండి, కావాలంటే గుడ్డ మీద కొట్టుకుంటుంది."

ఆయన నిజంగానే రాశాడు, నా ఎదురుగానే టైపు చేశాడు. జవాబు భోజనాల వేళకే వచ్చింది. మీ అభ్యర్థన పరిశీలించాం, ఫలితంలో మార్పు లేదు, మీ సహకారానికి ధన్యవాదాలు అని. ఆ జవాబు రాసింది కూడా మనిషి కాదని ఆ అక్షరాల తీరులోనే తెలిసిపోతోంది. "ఎవరిని అడగాలో కూడా తెలియట్లేదండీ నాకు" అన్నాడు మేనేజరు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పిల్లలూ, మీకు రాబోయే కష్టాల్లో ఇదొకటి. తిట్టడానికి ఎదురుగా మనిషంటూ ఉండడు.

ఆమెకు నేనే చెప్పాను. కేఫెటేరియాలో, టిఫిన్ డబ్బా తెరవకముందే.

"అంటే నాకు వచ్చినట్టేనా మేడం?" అని అడిగింది.

"వచ్చినట్టేనమ్మా. ఒక్కటి కూడా తప్పు లేదు."

"మరి ఫెయిలెట్లయిన?"

"దానికి వినపడలేదు."

డబ్బా మూత మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"అప్పుడు ఇంటర్వ్యూల గట్ల మింగితేనే నౌకరి వచ్చింది మేడం. ఇగ ఇప్పుడు గట్ల మింగితే పోయిందా" అంది.

'అదంతే' అనబోయి నోరు మూసుకున్నాను.

మా ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. వెళ్లిపోయే మనిషి ఆఖరి రోజున అందరికీ ఒక వీడ్కోలు మెయిలు పెట్టాలి. వెళ్లగొట్టినా సరే, అందరికీ కృతజ్ఞతలు చెప్పి మరీ వెళ్లాలి. ఆ ఆఖరి రోజు ఆమె తన మెయిలు నాకు చూపించింది. ఎవరి దగ్గరా అడగలేదు, పాతది తీసుకుని మార్చలేదు, తనే కూర్చుని రాసుకుంది. టీమ్ వాళ్లకు, సెక్యూరిటీ అన్నలకు, లిఫ్టు దగ్గర తుడిచే అక్కకు కూడా కృతజ్ఞతలు రాసింది. పని మీద తనకున్న ఇష్టం గురించి రాసింది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క తప్పు దొరికినా బాగుండునని మనసులో కోరుకున్నాను. కనీసం ఈ అన్యాయానికి ఒక కారణమన్నా దొరికేది. దొరకలేదు. అన్నింటికంటే చివర ఒక వాక్యం ఉంది. నా ఇంగ్లీషులోని తప్పులకు దయచేసి క్షమించండి అని.

"తప్పుల్లేవు కదమ్మా, ఆ వాక్యం తీసెయ్" అన్నాను.

"ఉండనియ్యండి మేడం. అది లేకుంటే నేను రాసినట్టు అనిపియ్యది."

పంపేసింది. సెక్యూరిటీ దగ్గర కార్డు ఇచ్చేసి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. గేటు దాకా వెళ్లాను. షేర్ ఆటో వచ్చింది, ఎక్కింది.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, నవ్వూ వస్తుంది. ఆ మెయిలు బాగుందని ఎవరో దాచుకున్నారు. ఆ ఏడు వెళ్లిపోయేవాళ్లు వరసగా ఉన్నారు. ప్రతివాళ్లూ దాన్నే తీసి, పేరు మార్చి పంపడం మొదలుపెట్టారు. మావాళ్లకు మెయిలు కొత్తగా రాయడమంటే భయం, ఉన్నది మారిస్తే చెడిపోతుందని ఇంకా భయం. అందుకని ఏదీ తీయరు. లిఫ్టు దగ్గర తుడిచే అక్కకు అందరూ కృతజ్ఞతలు చెప్పారు. ఇంగ్లీషు మీడియంలో పుట్టి పెరిగినవాళ్లు కూడా తమ ఇంగ్లీషు తప్పులకు క్షమించమన్నారు. ఉచ్చారణ దిద్దే సాఫ్ట్‌వేర్ వచ్చాక మా కడప సారును పంపించేశారు. ఆయనా అదే మెయిలు పెట్టాడు, పైన "అక్కా, చదవాకు" అని నాకు విడిగా రాసి. చివరికి మేనేజరు వంతు వచ్చింది. ఆయన దగ్గర నుంచి కూడా అదే వచ్చింది, అక్షరం పొల్లు పోకుండా. ఆ చివరి వాక్యంతో సహా. ఆయన దాన్ని చదివి పంపాడో, చదవకుండా పంపాడో నాకు తెలియదు.

ఆ మెయిలు చూసిన మధ్యాహ్నం ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను. చందానగర్ మార్కెట్లో ఒక చీరల షాపులో చేరింది. వెనక బేరాల మాటలు వినిపిస్తున్నాయి. మీ ఆయనకు ఆపరేషన్ అయిందా అని అడిగాను. "కాలే మేడం. సర్కారు దవాఖానల నంబరు ఇచ్చిన్రు, ఇంకా రాలే" అంది.

"నువ్వు రాసిన మెయిలే అమ్మా, మా ఆఫీసులో వెళ్లిపోయేవాళ్లంతా పంపుతున్నారు. ఇవాళ మేనేజరుగారు కూడా" అని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఏమనుకున్నానో నాకే తెలియదు.

"గా ఆఖరి మాట తీసేసిన్రా మేడం?"

"లేదమ్మా. అలాగే ఉంచారు."



"తీసెయ్యమని చెప్పండి మేడం" అంది. "అది నా కోసం రాసుకున్న మాట. ఆళ్లకు ఇంగ్లీషు మంచిగనే వస్తది కదా."

సరేనమ్మా అన్నాను. గిరాకీ వచ్చిన్రు మేడం, మళ్ల మాట్లాడుత అని ఫోన్ పెట్టేసింది.